ర్యామ్ కరువు పద్యము – టీకా తాత్పర్య సహితము

ఆ.వె. పాత పెట్టె మోయ భారమౌ విండోసు
టైనికోరు చాలు డాబులేల
బ్రౌజరొకటి తెరవ భారమే తిరిగొచ్చు
పొదుపు పుణ్యమెల్ల పోయె నకట!

అవతారిక: ముసలి కంప్యూటరును పాతసామాన్ల వానికి వేయ మనసొప్పని గృహస్థుని గూర్చి కవి యిట్లనుచున్నాడు.

ప్రతిపదార్థము: పాత పెట్టె = 128 ఎంబీ ర్యామ్‌తో అటకెక్కిన కంప్యూటరు; మోయన్ = మోయుటకు; విండోసు = ఆ పేరి ఆపరేటింగ్ సిస్టము; భారము ఔ = బరువగును; టైనికోరు = టైనీ కోర్ లినక్స్; చాలు = సరిపోవును; డాబులు = తెరమీది సోకులు; ఏల = ఎందులకు?; బ్రౌజరు ఒకటి = ఒకే యొక్క బ్రౌజరు; తెరవన్ = తెరచినంతనే; భారమే = ఆ బరువే; తిరిగొచ్చు = మరల వచ్చును; పొదుపు పుణ్యము ఎల్లన్ = ఎంబీ ఎంబీ కూడబెట్టిన సుకృతమంతయు; పోయెన్ = హరించెను; అకట = అయ్యో!

తాత్పర్యము: సిస్టమును ఎంత చిక్కించినను వెబ్‌పేజీ చిక్కదు.

విశేషములు:

1. భారమౌ: 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ కనీసము 64 ఎంబీ ర్యామ్ అడిగెను, 2021 నాటి విండోస్ 11 కనీసము 4 జీబీ అడుగుచున్నది. సరిగా 64 రెట్లు. నడుమ అన్ని కళలును నేర్చెను కాబోలు.

2. చాలు: రాబర్ట్ షింగిల్‌డెకర్ ఆరంభించిన టైనీ కోర్ పాతిక ఎంబీల పాటిది. పెన్‌డ్రైవ్ నుండి మొత్తముగా ర్యామ్‌లోనికే ఎక్కును గాన, పిదప పెన్‌డ్రైవ్ పెరికినను పనిచేయును. బ్యాకప్ తీయక ఆపినచో మాత్రము నిన్నటి మార్పు నేడుండదు. ఇందుకు క్షణికవాదులు మిక్కిలి సంతసింతురు.

3. పాఠాంతరము: 'పప్పి యొకటి చాలు' అని కొందరు. 2003లో బ్యారీ కౌలర్ వెలయించిన పప్పీ లినక్స్ యోగ్యమైనదే. కాని 'డా'కు 'ప'తో యతి చెల్లదు గాన అగ్రాహ్యము.

4. బ్రౌజరు: పద్యమునకు ప్రాణమిదియే. నేటి వెబ్‌పేజీ జావాస్క్రిప్టును, బొమ్మలను, ప్రకటనలను వెంటబెట్టుకొని వచ్చి వందల ఎంబీలు ఆరగించును. ర్యామ్ నిండినంతనే సిస్టము హార్డ్ డిస్కుపై స్వాప్ అను చోటును ఆశ్రయించును. డిస్కు మిగుల నిదానము గాన మౌసు బాణము నిలిచిన చోటనే నిలుచును. డిల్లో అను అల్పాహారి బ్రౌజరు కలదు గాని, అది జావాస్క్రిప్టు నడపదు గాన బ్యాంకు లాగిన్ గడప దాటలేదు. కావున ఈ పెట్టె వ్రాతకోతలకు, పాటలకు చాలును; ఇంటర్నెట్టుకు చాలదు.

5. అలంకారము: మేలు కోరి యత్నింపగా కీడు మూడెను గాన విషమాలంకారము.

ఫలశ్రుతి: దీనిని నిత్యము పఠించువారికి ర్యామ్ పెరుగదు, ట్యాబులు తగ్గును.