వాట్సాప్ లేని అన్న

ఫిల్మ్‌నగర్‌లో ఏ ప్రొడక్షన్ ఆఫీసుకెళ్లినా ఇలాంటివాడు ఒకడుంటాడు. ఎడిటింగ్ రూములో అసిస్టెంటో, రైటర్ గారి దగ్గర ఘోస్టో, వీఎఫ్ఎక్స్ కంపెనీలో నైట్ షిఫ్టో అయివుంటాడు. ముప్పై దాటిన వయసు, ఎవరైనా గుర్తుచేసేదాకా పెరిగే గడ్డం. కుర్రాళ్లంతా "అన్నా" అనే పిలుస్తారు. నంబరు సేవ్ చేసుకునేటప్పుడు మాత్రం "వాట్సాప్ లేని అన్న" అని రాసుకుంటారు. ఆఫీసులో అన్నలు చాలామంది, వాట్సాప్ లేనివాడు ఒక్కడే మరి.

అన్న చేతిలో ఉండేది పిక్సెల్ ఫోను. అంటే సాక్షాత్తూ గూగుల్ వాళ్లదే. "గూగుల్ వద్దనుకుని గూగుల్ ఫోనే కొన్నావేంటన్నా?" అని కొత్తగా చేరిన ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఎవడో అడుగుతాడు. అన్న ఎదురుచూసేది ఈ ప్రశ్న కోసమే. అన్న ఎక్కించుకున్నది గూగుల్ సర్వీసులు లేని ఆండ్రాయిడ్, గ్రాఫీన్ ఓఎస్. అది ఇన్నాళ్లూ పిక్సెల్ ఫోన్ల మీదే నడిచింది. బూట్‌లోడర్ తాళం తీసి, మనకు నచ్చిన ఓఎస్ ఎక్కించి, మళ్లీ తాళం వేసుకునే సౌకర్యం వాటిలో పక్కాగా ఉంటుంది. ఇక్కడ మొదలుపెట్టి, ఆండ్రాయిడ్ అసలు కోడు ఎవరైనా చదువుకోవచ్చనీ, దానిమీద గూగుల్ పేర్చిన ప్లే సర్వీసులే ఎవరికీ చూపించరనీ చెప్పి, లినక్సు కెర్నల్ పుట్టుపూర్వోత్తరాల్లోకి దిగేసరికి లోపల్నుంచి "షాట్ రెడీ" అని కేక వినిపిస్తుంది. ఏడీ బతికి బయటపడతాడు.

ఈ పిచ్చి అన్నకి ఇంజనీరింగులో పట్టింది. ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే హైదరాబాదు సంస్థ 'స్వేచ్ఛ' వాళ్లు కాలేజీకి వచ్చి, తెలుగులో నడిచే లినక్సు ఎక్కించిపెట్టారు. తర్వాత 2014లో, ఆండ్రాయిడ్ కోడునే మార్చి చేసిన సయనోజెన్ ఓఎస్‌తో వన్‌ప్లస్ వన్ ఫోను వచ్చింది. ఇండియాలో ఆ ఓఎస్ హక్కులు తనవేనని మైక్రోమ్యాక్స్ ఢిల్లీ హైకోర్టుకెక్కడంతో డిసెంబరులో కొన్నాళ్లు అమ్మకాలు ఆగాయి. రీమేక్ హక్కుల పంచాయితీలు రోజూ చూసే ఫిల్మ్‌నగర్‌కి ఇదేమంత వింత కాదు. 2016 చివర్లో ఆ సయనోజెన్ దుకాణమే కట్టేసింది. వాలంటీర్లు అదే కోడు తీసుకుని లీనేజ్ ఓఎస్ అని నడిపించారు. "బ్యానర్ మూతపడ్డా సినిమా ఆగలేదు చూశావా" అంటాడు అన్న, ఆ సినిమా తనే తీసినట్టు.

అన్న ఫోన్లో ప్లేస్టోర్ ఉండదు. 2010 నుంచి నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్ ఉంటుంది. అందులో ప్రతి యాప్ కోడూ బహిరంగమే. అక్కడ దొరకనిది మనిషికి అక్కర్లేదని అన్న సిద్ధాంతం. హైదరాబాదులో ఒక పూట గడవడానికి కావలసినవి చాలావరకు ఆ అక్కర్లేనివాటిలోనే ఉన్నాయి, అది వేరే సంగతి.

కృష్ణానగర్ టీ బండి దగ్గర ఈ సిద్ధాంతానికి రోజూ పరీక్షే.

"ఫోన్‌పే కొట్టన్నా."

"లేదు."

"పోనీ గూగుల్ పే?"

అన్న ఆ మాటకి జవాబివ్వడు. ఐదొందల నోటు తీస్తాడు. చిల్లర లేదంటాడు బండివాడు. అప్పుడు అన్న స్టార్ తొమ్మిది తొమ్మిది హ్యాష్ నొక్కుతాడు. "దీనికి నెట్ కూడా అక్కర్లేదు తెలుసా" అని వెనకాల నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టులకి వివరిస్తాడు. ఆ మాట నిజమే, మామూలు డబ్బా ఫోన్లకీ యూపీఐ అందించే దారి అది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు అలాంటి ఫోన్ల కోసమే 123పే కూడా తెచ్చింది. స్క్రీన్ మీద మెనూ వస్తుంది. ఒకటి నొక్కాలి. ఇంకో మెనూ. అవతలివాళ్ల ఐడీ కొట్టాలి. అది కొడుతుండగానే సెషన్ ముగిసిపోతుంది. పక్కనున్న ఏడీ తన ఫోను తీసి టింగుమనిపిస్తాడు. అన్న తన ఫోన్లోని నోట్సు యాప్‌లో (దాని కోడూ బహిరంగమే) ఏడీ పేరు పక్కన టీ డబ్బులు రాసుకుంటాడు. నెలాఖర్న ఆ లెక్క పైసాతో సహా నగదుగా తీర్చేస్తాడు. సినిమా ఫీల్డులో బాకీ ఇంత కచ్చితంగా తీర్చేవాణ్ని చూసి కుర్రాళ్లు మొదట్లో కాస్త భయపడ్డారు కూడా.

యూపీఐ యాప్‌లు అన్న ఫోన్ని ఎందుకు నమ్మవంటే, వాటిలో చాలా యాప్‌లు "ఈ ఫోను సరైనదేనా" అని గూగుల్‌నే అడుగుతాయి. దాన్ని ప్లే ఇంటెగ్రిటీ అంటారు. గూగుల్ ముద్ర లేని ఓఎస్ ఎంత భద్రంగా ఉన్నా ఆ పరీక్షలో పూర్తి మార్కులు రావు. కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకుంటాయి, కొన్ని రాత్రికి రాత్రి అప్‌డేటై పొద్దున మొహం చాటేస్తాయి. ఈ విషయంలో అన్న వాదనకి బలం ఉందనే ఒప్పుకోవాలి. ఆండ్రాయిడ్ ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఆ అంకెని అన్న మొదటివారం షేరు చెప్పినట్టు దశాంశాలతో సహా చెబుతాడు.

ఇక ప్రొడక్షన్ మేనేజరు బాధ ఎవరికీ చెప్పుకునేది కాదు. కాల్‌షీటు, లొకేషను, సీను పేపరు, బ్యాటా లెక్క అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పడతాయి. "ఏమయ్యా, నీ ఒక్కడి కోసం నేను మళ్లీ టైపు చెయ్యాలా?" అని ఆయన, "ఈమెయిల్ పెట్టండి సార్" అని అన్న. ఈమెయిల్ అనేది ఆడిటరు వాడే వస్తువని మేనేజరు నమ్మకం. చివరికి ఫోను చేసి చదివి వినిపిస్తాడు.

లొకేషన్ లింకు పంపినా అన్న నొక్కడు. అడ్రసు అడుగుతాడు. జూబ్లీహిల్స్ అడ్రసంటే 8-2-293/82 తర్వాత ఇంకో రెండు బై నంబర్లు. దాన్ని పట్టుకుని ఇల్లు కనుక్కున్న పోస్ట్‌మ్యాన్‌కి సన్మానం చెయ్యాలి. అన్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడతాడు. అందులో లేనివి తనే చేరుస్తాడు. దానికి స్ట్రీట్‌కంప్లీట్ అని ఒక యాప్ ఉంది, దారిలో మనల్ని ఆపి ప్రశ్నలడుగుతుంది. ఈ బస్టాపులో బెంచీ ఉందా? ఈ రోడ్డు తారుదా, సిమెంటుదా? నేరేషన్‌కి ఆలస్యమవుతోందని డైరెక్టర్ గారు కారులోంచి హారన్ కొడుతుంటే, అన్న రామానాయుడు స్టూడియో ఎత్తు మీద వంగుని నిలబడి ఫుట్‌పాత్‌ని పరీక్షించిన రోజులున్నాయి.

ఐఫోన్లవాళ్లని చూస్తే అన్నకి జాలి. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం మెసేజీగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. యాపిల్ వాళ్లు కొద్దిరోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఆ అప్‌డేట్ సంగతి మాత్రం అన్న కథలో రాదు. తెలుగు అక్షరాలంటే అన్నకి అంత పట్టింపు, స్క్రిప్టు కూడా యూనికోడ్‌లోనే ఇస్తానంటాడు. డీటీపీ కుర్రాడి దగ్గరేమో యూనికోడ్ కాని అను ఫాంట్లు. అన్న పంపింది అక్కడ తెరిస్తే పేజీ అమరదు, అక్కడిది ఇక్కడ తెరిస్తే హీరో ఎంట్రీ డైలాగు డాలర్లూ బ్రాకెట్లూ అయి కనిపిస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. మధ్యలో పీడీఎఫ్ నడుస్తోంది.

ఇంతాచేసి ఆఫీసంతా బతుకుతున్నది అన్న మతం మీదే. రషెస్ చూసేది వీఎల్‌సీలో. అది ఓపెన్‌సోర్సని అక్కడ ఎవరికీ తెలీదు. 2022లో దాని వెబ్‌సైటు మన దేశంలో కొన్ని నెలలు తెరుచుకోలేదు, నవంబరులో అడ్డు తొలగింది. ఆ నెలల్లో బెంగపెట్టుకున్నది అన్న ఒక్కడే. ఆస్కార్ అనగానే అందరూ 'నాటు నాటు' అంటే, అన్న 'ఫ్లో' అంటాడు. 2025లో ఆస్కార్ కొట్టిన ఆ యానిమేషన్ సినిమాని బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తీశారు. "అందులో డైలాగులే లేవంట కదా" అని రైటర్ గారు ఆ చర్చని అక్కడే తుంచేస్తారు.

ఒక్కసారి మాత్రం నిర్మాత అన్న మాట శ్రద్ధగా విన్నారు. లీకుల గురించి. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదలకి ముందే సగం సినిమా బయటికొచ్చేసిన సంగతి ఈ కొండమీద ఎవరూ మర్చిపోలేదు. "యూనిట్ అందరి ఫోన్లూ నా ఫోన్లాగా మార్చేద్దాం సార్" అన్నాడు అన్న. నిర్మాత కాసేపు ఆలోచించి, ఆ సినిమా డిస్కుల్లో చేతులు మారింది కదయ్యా, ఫోన్లలో కాదుగా అన్నారు. మర్నాటినుంచి సెట్లో ఫోన్లన్నీ బుట్టలో వేయించారు. అన్నది కూడా.

మొన్న ప్యాకప్ అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. ఏడీ తన ఫోన్లో అన్నకి ఆటో బుక్ చేసి, బండెక్కి వెళ్లిపోయాడు. ఆటో వచ్చింది. ఓటీపీ ఏడీ ఫోన్లో ఉంది. ఏడీ ఫోను ఎత్తడం లేదు.

"ఓటీపీ లేకుంటే స్టార్ట్ కాదన్నా."

అన్న ఊరుకుంటాడా? ఆ యాప్ డ్రైవర్‌ని పొద్దున్నుంచీ ఎలా వెంటాడుతోందో, ఎక్కడెక్కడ తిరిగాడో ఎవరికి చేరుతోందో చెప్పడం మొదలుపెట్టాడు. డ్రైవరు శ్రద్ధగా విన్నాడు. యాప్ ఆఫ్ చేసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో అన్న బోధకి మారిన మొదటి మనిషి.

"మంచిగ చెప్పినవన్నా. యాప్ వద్దు, ఏం వద్దు. క్యాష్ ఇయ్యి, మూడొందలు."

"మూడొందలేంటి? యాప్‌లో నూట నలభయ్యే చూపించింది కదా!"