వెబ్ పుస్తకం పస తేల్చే విధానం

వెబ్ ప్రోగ్రామింగ్ నేర్పే పుస్తకం పనికొస్తుందో లేదో తేల్చడానికి చెన్నైలో మూడు కొలతలు చెలామణిలో ఉన్నాయి: బరువు, బేరం, అట్ట మీది జంతువు. ఓరైలీ సంస్థ జావాస్క్రిప్ట్ పుస్తకం మీద ఖడ్గమృగాన్నీ, పెర్ల్ పుస్తకం మీద ఒంటెనూ వేసినప్పటి నుంచి జంతువు ఎంత మొండిదైతే లోపలి సరుకు అంత గట్టిదన్న నమ్మకం ఐటీ కంపెనీల దారి ఓఎంఆర్ పొడవునా పీజీ హాస్టళ్లలో పాతుకుపోయింది. నెల్లూరు నుంచీ చిత్తూరు నుంచీ ఉద్యోగాల కోసం దిగే కుర్రవాళ్లకు ఈ కొలతలు సీనియర్ల ద్వారా వారసత్వంగా సంక్రమిస్తాయి. పుస్తకాలు కూడా సంక్రమిస్తాయి, చివరి సగం నలగకుండా.

పుస్తకం దొరికే చోటును బట్టి దాని వయసు కొంతవరకు చెప్పవచ్చు. కొత్తవి కావాలంటే మౌంట్ రోడ్డులో హిగ్గిన్‌బాథమ్స్ ఉంది, జనవరిలో పుస్తకాల సంత ఉంది. పాతవాటికి సెంట్రల్ స్టేషన్ పక్కకు పోవాలి. 1985లో మూర్ మార్కెట్ తగలబడ్డాక అక్కడి పాతపుస్తకాల వాళ్లు దగ్గర్లోనే లిల్లీ పాండ్ కాంప్లెక్సులో సర్దుకున్నారు. అక్కడ బేరం మొదలయ్యే తీరు ఒక్కటే.

“అన్నా, ఇది మరీ పాతదేమో?”

“పుదుసు తంబీ! నేత్తుదాన్ వందుదు.”

కొత్తదే, నిన్ననే వచ్చిందట. అబద్ధమేమీ కాదు, కొట్టుకు నిన్ననే వచ్చింది. లోకంలోకి ఎప్పుడొచ్చిందన్నది కొనేవాడు తేల్చుకోవాలి. అందుకు అట్ట తిప్పగానే చీమతలకాయంత అక్షరాలతో ఒక పేజీ ఉంటుంది. ప్రచురణకర్త నిజం చెప్పక తప్పని పేజీ అదొక్కటే గనుక దాన్ని అంత చిన్నగా వేస్తారు. అందులో చూడవలసింది చివరి ఏడాదిని కాదు, ఏ కూర్పు ఏ ఏడాదిదన్నది. “పునర్ముద్రణ 2016” అని ఉన్నా మొదటి కూర్పు 2003దైతే, ఆ పుస్తకానికి తెలిసిన లోకం 2003తో ఆగిపోయింది. పదమూడేళ్లలో మారింది కాగితం ఒక్కటే.

ఈ రంగంలో ఏడాదికి ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే 1995కు వెళ్లాలి. జావాస్క్రిప్టూ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మూడూ ఆ ఏడాదే పుట్టాయి. ఆ ఆగస్టు 15నే వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. అప్పటికి చెన్నై పేరు ఇంకా మద్రాసే. ఊరు పేరు మార్చుకుని ఊరుకుంది. వెబ్ మాత్రం మారడం ఆపలేదు. పీహెచ్‌పీ నుంచి మైఎస్‌క్యూఎల్‌ను పిలిచే పాత ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన ఏడో వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. వాటి మీద అధ్యాయాలకు అధ్యాయాలు రాసిన పుస్తకాలన్నీ ఆ నెలలోనే పాతవైపోయాయి. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ఆగింది. “ఈ పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా కనిపిస్తుంది” అని గర్వంగా నేర్పిన పుస్తకాలకు 2022 జూన్‌లో ఆ గర్వకారణం కూడా పోయింది.

చావు ప్రకటించినా చావనివి కొన్ని ఉన్నాయి. అక్షరాలను తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తించే మార్కీ ట్యాగును హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఎప్పుడో వెలివేసింది. బ్రౌజర్లు మాత్రం పాత సైట్ల మొహం చూసి దాన్ని ఇంకా పరుగెత్తిస్తూనే ఉన్నాయి. కాబట్టి “పుస్తకంలోది కొట్టి చూశాను, ఆడింది” అన్నంత మాత్రాన అది నేర్చుకోదగిందని కాదు. అడ్మిషన్లు మొదలయ్యాయని ఎర్రక్షరాలు పరుగెత్తే కాలేజీ సైటు కనిపిస్తే, దాని వెనక ఇలాంటి పుస్తకం ఒకటి ఉందని నిస్సందేహంగా ఊహించవచ్చు.

అయితే పాతదల్లా చెత్త కాదు. బ్రౌజరు సర్వరును ఎలా అడుగుతుంది, సర్వరు ఎలా జవాబిస్తుంది, ఫారంలో నింపింది ఎటు పోతుంది, కుకీ ఎందుకు పెడతారు అన్న పాఠాలు ఇరవై ఏళ్ల నాటి పుస్తకంలో ఉన్నా చదవవచ్చు. ఫలానా ఫ్రేమ్‌వర్కు మీద రాసిన పుస్తకం అలా కాదు; అది మూర లెక్కన కొన్న మల్లెపూలు, ఆ సాయంత్రానికే. ఆంగ్యులర్‌జేఎస్ నేర్చుకున్నవాళ్లకు 2016లో దాదాపు అదే పేరుతో, పాత కోడుకు పొత్తు కుదరని కొత్త ఆంగ్యులర్ ఎదురైంది. పుస్తకంలో ఏ భాగం పూలో, ఏ భాగం దారమో విషయసూచిక చూస్తే తెలుస్తుంది. వెర్షన్ నంబరు లేకుండా శీర్షిక పెట్టలేని అధ్యాయాలు పూలు.

ఇక అట్ట మీది గడువు సంగతి. ఇరవై నాలుగు గంటల్లో, ఇరవై ఒక్క రోజుల్లో అని వాగ్దానం చేసే పుస్తకాలు అమెరికా నుంచి వచ్చాయి గానీ ఈ విద్యలో చెన్నై ఎవరికీ తీసిపోదు. ముప్పై రోజుల్లో ఫలానా భాష అంటూ బాలాజీ పబ్లికేషన్స్ వేసిన పుస్తకాలు ఈ ఊరివే. ముప్పై రోజుల తమిళంతో కనీసం ఆటోవాడితో గొడవైనా పడవచ్చు. ముప్పై రోజుల వెబ్ ప్రోగ్రామింగ్‌తో ఎవరితో గొడవపడాలో కూడా తెలియదు. ఈ గడువుల మీద విసుగెత్తే కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ ప్రోగ్రామింగ్‌ను పదేళ్లలో నేర్చుకొమ్మని ఒక వ్యాసం రాశాడు. ఆ శీర్షికతో పుస్తకం వేయడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

లావు విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. చెన్నై ఉక్కకు రెండు వానాకాలాలు బీరువాలో ఉన్న పుస్తకం దానంతటదే ఉబ్బుతుంది. క్రాక్‌ఫర్డ్ 2008లో జావాస్క్రిప్ట్‌లోని మంచి భాగాల గురించి రాసిన పుస్తకం రెండువందల పేజీలు కూడా లేదు. ఫ్లానగన్ అదే భాషకు రాసిన సమగ్ర గ్రంథం ఆరో కూర్పులో వెయ్యి దాటింది. మొదటిది చదవడానికి, రెండోది వెతుక్కోవడానికి. సమగ్ర గ్రంథాన్ని మొదటి పేజీ నుంచి చదవడానికి కూర్చున్నవాడు నిఘంటువును ‘అ’ నుంచి మొదలుపెట్టినవాడితో సమానంగా కష్టపడతాడు. నేరం పుస్తకానిది కాదు.

పుస్తకంలోని కోడును పరీక్షించడం అన్నిటికన్నా ముఖ్యం. పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి, తగిలిన ప్రోగ్రామును ఉన్నదున్నట్టు కొట్టి చూడాలి. కోడులో కోట్ గుర్తులు నిట్టనిలువుగా ఉండాలి. అచ్చుకూర్చే సాఫ్ట్‌వేర్ వాటిని అందంగా వంచితే పుస్తకానికి శోభ వస్తుంది, ప్రోగ్రాముకు తద్దినం. తెలుగు పుస్తకాలు వేసిన వావిళ్ల వారు అచ్చుతప్పుల మీద కత్తిగట్టి పేరు తెచ్చుకున్న ఊరిది. కావ్యంలో కామా ఎగిరిపోతే పాఠకుడు సర్దుకుంటాడు. పీహెచ్‌పీకి ఆ సంస్కారం లేదు. 46వ పంక్తిలో సెమీకోలన్ పోతే 47లో తప్పుందంటుంది. చదివేవాడు 47ను తెల్లవార్లూ చూస్తాడు. ఇలాంటి తప్పులు వస్తాయనీ, వాటిని ఎలా వెతకాలనీ ముందే చెప్పిన పుస్తకానికి పది మార్కులు ఎక్కువ వేయవచ్చు. చాలా పుస్తకాల్లో రచయిత ప్రోగ్రాము మొదటిసారే ఆడుతుంది. అలాంటి అదృష్టవంతుడి దగ్గర నేర్చుకునేది తక్కువ.

తర్వాత చూడవలసింది లాగిన్ ఫారం. అందులో నింపిన పేరును తీసుకెళ్లి నేరుగా డేటాబేస్ ప్రశ్నలో అతికిస్తే ఆ పుస్తకాన్ని అక్కడే మూసేయాలి. పెరంబూరులో ఉండే ఏ డి'క్రూజో వచ్చి తన పేరు నింపితే, ఆ పేరులోని చిన్న గీత తగిలి ప్రశ్న మధ్యకు విరుగుతుంది. ఆయన అమాయకుడు కాబట్టి సరిపోయింది. అదే గీతను కావాలని వాడేవాడు పట్టికలు పట్టుకుపోతాడు.

ఆ ఫారంలోనే ఇంకో పరీక్ష ఉంది. పేరు, ఇంటిపేరు తప్పనిసరి, రెండక్షరాలకు తగ్గకూడదు అని పుస్తకం నేర్పుతుంది. చెన్నైలో చాలామందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. తెలుగువాళ్లకు ఇంటిపేరు ఉన్నా ముందుంటుంది. పుస్తకం ప్రకారం కట్టిన సైటు మైలాపూరులో తెరిస్తే ఎస్. రామనాథన్ మనిషే కాడని తేలుతుంది. ఇక పేరును తెలుగులో నింపి చూస్తే మరీ మంచిది. 2018లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ తనంత తానుగా పాశ్చాత్య అక్షరాలనే ఆశించేది. యూనికోడ్ అమర్చుకొమ్మని చెప్పని పుస్తకాన్ని నమ్ముకుంటే సుబ్బారావు గారు లోపలికి వెళ్లి ప్రశ్నార్థకాల వరసగా బయటికి వస్తారు.

పాత పుస్తకం కొనేవాడికి కొత్తది కొనేవాడికి లేని సౌకర్యం ఒకటుంది: ముందటి పాఠకుడి పెన్సిలు. మొదటి అధ్యాయంలో వాక్యం వదలకుండా గీతలు, రెండులో ముఖ్యమైన వాటికి నక్షత్రాలు, మూడులో ఒకచోట పెద్ద ప్రశ్నార్థకం, ఆ తర్వాత అంతా తెలుపు. ఆ ప్రశ్నార్థకం ఉన్న పేజీని జాగ్రత్తగా చదవాలి. అంతకు ముందు ఎక్కడా చెప్పని మాట అక్కడ హఠాత్తుగా వాడి ఉంటే తప్పు రచయితది. లేకపోతే ఆ పాఠకుడికి అప్పుడే ఉద్యోగం వచ్చి ఉండాలి.

అభ్యాసాలున్న పుస్తకాన్ని కొనకముందే చదివి చూడాలంటే 2010లో కోట్టూర్పురంలో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయం అనువైనది. ఒక అధ్యాయం చదివి, పుస్తకం మూసి, అందులో లేని చిన్న పేజీ ఒకటి కట్టగలిగితే అది పనికొచ్చే పుస్తకం. మే నెలలో ఈ పరీక్ష చాలాసేపు సాగుతుంది. అందులో ఏసీకి భాగముంది.

ఏ పరీక్షకూ నిలవని పుస్తకాల కోసం ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకానిదీ ఒక ప్రతి అక్కడికి చేరాలి, ప్రచురణకర్త ఖర్చుతో, ముప్పై రోజుల్లో. ఉపయోగం మాట చట్టం ఎత్తదు. లోపల ఏమీ మార్చకుండా వేసిన మలికూర్పును మాత్రం మళ్లీ పంపనక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది.