కోతకు ముందే కోతలు

2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రిగారు జన్యు సవరణతో పుట్టిన రెండు వరి వంగడాలను లోకానికి పరిచయం చేశారు. రైతు చేతికి గింజ రాకముందే 50 లక్షల హెక్టార్లలో నాట్లు పడిపోయాయి, కాగితం మీద. 45 లక్షల టన్నుల అదనపు ధాన్యం ఇంటికొచ్చింది. 750 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు మిగిలాయి. ఊడ్పు కూలి మాత్రం ఆ లెక్కలో లేదు. కాగితం మడికి కూలీలెందుకు?

శాస్త్రవేత్తలను అనడం లేదు. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో చేసింది ముచ్చటైన పనే. మన సాంబ మసూరిలో, అదే బీపీటీ 5204లో, వెన్నుకు గింజలెక్కువ పట్టకుండా అడ్డుపడే జన్యువును క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తెంపారు. పరాయి జన్యువేదీ చొప్పించలేదు, తెగినచోట కణమే అతుకేసుకుంది. పంట 20 రోజులు ముందుకొచ్చిందట, దిగుబడి 19 శాతం పెరిగిందట. రెండోది, మన మారుటేరు 1010 వరినే ఢిల్లీ పూసా సంస్థ వాళ్లు బెట్టనూ చౌడునూ తట్టుకునేలా సవరించింది. అంటే రెండింటికీ పుట్టినిల్లు మన డెల్టాలే.

ఆ పుట్టింటి సంగతి చూద్దాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను సరిగ్గా సాంబ మసూరి పుట్టిన బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన చేలు చాపచుట్టినట్టు పడిపోయాయి. నీళ్లు పోదామంటే మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క, తూటికాడ. నానిన వెన్నులకు చేలోనే మొలకలొచ్చాయి. ఇరవై రోజుల ముందే కోసుంటే ఈ బాధ తప్పేదిగా అంటారు. తప్పేది, కాదనను. కానీ 2025లో మొంథా తుపాను అక్టోబరు 28నే వచ్చేసింది. తుపాను రాకను సవరించే కత్తెర ఏ ల్యాబులో ఉందో మరి! పైగా రైతు బాధ తుపాను ఒక్కటే కాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ఏకంగా సాగుకే సెలవు పెట్టారు. వాళ్లడిగింది గిట్టుబాటు ధర, కొత్త విత్తనం కాదు.

కాబట్టి శాస్త్రవేత్తలకో విన్నపం. ఎలాగూ కత్తెర పట్టారు గనక, తర్వాతి వంగడం వాతావరణాన్ని కాదు, సర్కారును తట్టుకునేలా చూడండి. కొనుగోలు కేంద్రం కనబడగానే గింజ తేమ తనంతట తానే 17 శాతానికి దిగిపోవాలి. మిల్లు దగ్గర తరుగు తీయబోతే బస్తా బరువెక్కాలి. బరకాలు అందకపోయినా కల్లంలో రాశి తడవకూడదు. కౌలు రైతు వేసిన చేను మునిగితే, పరిహారం భూయజమాని ఖాతాకు పోకుండా మొక్కే లేచి సాక్ష్యం చెప్పాలి.

అది కష్టమంటారా? అయితే మంత్రిగారూ, ముందు డెల్టా మురుగు కాలువల్లో పూడిక తీయించండి. దానికి జన్యు సవరణ అక్కర్లేదు. ఒక పొక్లెయిన్, దానికి డీజిలు, వానలకు ముందే పిలిచిన టెండరు ఉంటే చాలు.