డిక్కీలో విద్యుత్ కేంద్రం

మాదాపూర్‌లో ఒక కొత్త శాస్త్రం వర్ధిల్లుతోంది. కారులో వూఫర్ దద్దరిల్లడం లేదా? బ్యాటరీ చాలడం లేదన్నమాట. రెండోది వేయించండి. అప్పటికీ లాభం లేదా? నాలుగు వేయించండి. స్టెప్నీకి చోటు లేకపోతే ఇంట్లో పెట్టుకోండి. ఆల్టర్నేటర్ మాటేమిటని అడిగారో, ‘ఇన్ని బ్యాటరీలుండగా దానితో పనేంటి సార్?’ అన్న భరోసా ఉచితం.

బోరు ఎండిన అయ్యప్ప సొసైటీ హాస్టల్ యజమాని కూడా మేడ మీద మరో నాలుగు ట్యాంకులు పెట్టించి, నీళ్లొచ్చేశాయని చంకలు గుద్దుకోడు. కారులో కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్ ఒక్కటే. బ్యాటరీ దాచుకుంటుంది, అంతే.

లెక్క చూద్దాం. చిన్న కారు ఆల్టర్నేటర్ 80 ఆంపియర్లదనుకుంటే, 14 వోల్టుల దగ్గర 1,120 వాట్లు. అదీ ఇంజిన్ ఉరుకుతున్నప్పుడు. సాయంత్రం ఆరున్నరకు మైండ్‌స్పేస్ కూడలిలో ఉరికే ఇంజినేది? ఐడిల్‌లో సగం వస్తే గొప్ప. ఆ 40 ఆంపియర్లలో హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాను, ఫ్యూయల్ పంపు కలిసి 30 దాకా లాగేస్తే, పాటకు మిగిలేది 10. అంటే 140 వాట్లు. యాంప్ మీద రాసింది మాత్రం 5,000! అన్నీ నిజంగా రావాలంటే 80 శాతం సామర్థ్యమున్న క్లాస్-డి యాంప్‌కైనా 440 ఆంపియర్ల పైమాటే.

తక్కువైంది బ్యాటరీలు ఇస్తాయి, నిజమే. ఇచ్చింది తిరిగి అడుగుతాయి కూడా. 50 ఆంపియర్-అవర్లు వాడేస్తే, ఆ మిగులు పదితో నింపడానికి కనీసం 5 గంటలు, అదీ పాట కట్టేసి. రాయదుర్గం నుంచి కొండాపూర్ చేరడానికి అంతసేపు పట్టే రోజు ఇంకా రాలేదు. వానాకాలం మీద ఆశ పెట్టుకోవచ్చు.

ట్రాఫిక్ వీడి కేబుల్ బ్రిడ్జి ఎక్కారా, ఖాళీ కడుపుల బ్యాటరీలన్నీ ఒక్కసారిగా ఆల్టర్నేటర్ మీద పడతాయి. లిథియమైతే లోపలి నిరోధం తక్కువ కనుక మొహమాటం కూడా తక్కువ. గంటల తరబడి పూర్తి లోడు లాగడానికి చేసిన యంత్రం కాదది. వేడికి డయోడ్లు పోతాయి, వైండింగ్ మాడుతుంది. ఛార్జింగ్ ఆగిందని చెప్పడానికి డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలుగుతుంది. భక్తుడికి అందులో కనిపించేది ఒక్కటే: బండి ఇంకో బ్యాటరీ అడుగుతోంది!

బ్యాటరీలు దండగని కాదు. ఇంజిన్ ఆపి పాటలు వినేవారికి, డ్రమ్ము దెబ్బ పడ్డ క్షణంలో వోల్టేజీ కుంగకుండా చూసుకునేవారికి అక్కరకొస్తాయి. తెలిసినవాళ్లు ముందు పెద్ద ఆల్టర్నేటర్, లావు వైర్లు వేయించి, ఆ తర్వాతే వాటి జోలికి పోతారు.

ఇంతకీ ఈ తపస్సుకు ఫలమెంత? వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. 500 వాట్లను 5,000 చేస్తే పదే డెసిబెల్స్, చెవికి సుమారు రెండింతల చప్పుడు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి హద్దు 45 డెసిబెల్స్. కావూరి హిల్స్‌లో రాత్రి పదిన్నరకు ఆ హద్దు దాటాలంటే ఇన్ని వేల వాట్లు అక్కర్లేదు. అద్దాలు దించి, కంపెనీవాడిచ్చిన స్పీకర్లే గట్టిగా పెడితే చాలు. ఆ మాత్రం నేరానికి కంపెనీ ఆల్టర్నేటర్ హాయిగా సరిపోతుంది.