చచ్చిన చిప్పుల డబ్బా

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఏళ్ళ తరబడి పనిచేసేవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఏటేటా పిల్లలు మారిపోతుంటారు, మనం మాత్రం అవే పది ప్రయోగాలు చేయిస్తుంటాం. కొన్నాళ్ళకి వాటిలో మనల్ని మించినవాడు లేడనిపిస్తుంది. ఎలా ఉంటాడు, ఎదురుగా ఉన్నవాళ్ళంతా వాటిని మొదటిసారి చేస్తున్నవాళ్ళాయె! హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీ ఎంబెడెడ్ ల్యాబులో ఈ జబ్బు నాకు బాగా ముదిరిన రోజుల్లో, మైక్రోకంట్రోలర్లకి ప్రోగ్రామ్ ఎక్కించే సాకెట్ బోర్డు ఒకటి సొంతంగా తయారుచెయ్యాలని బుద్ధి పుట్టింది.

అవసరం మాత్రం నిజమైనదే. ఫైనలియర్ బ్యాచులన్నీ ఆర్డువినో ఊనో బోర్డు మీద ప్రోగ్రామ్ రాసుకుని, చివర్లో అందులోంచి ఏటీమెగా328పీ చిప్పు ఊడబెరికి తమ సొంత పీసీబీలో పెట్టుకుంటాయి. ఊడబెరకడానికి ఆయుధం స్క్రూడ్రైవర్. ఒకవైపు లేస్తుంది, రెండోవైపు లేవదు, 28 కాళ్ళలో రెండు మూడు వంకరపోతాయి. నోస్ ప్లయర్‌తో తిన్నగా చేస్తే ఒకటి విరుగుతుంది. ఒక్కో చిప్పు ధర వందల్లో ఉంటుంది కాబట్టి విరిగినప్పుడల్లా ఎవరో ఒకరి మొహం వాడిపోతుంది. జిఫ్ సాకెట్‌తో ఈ గోల లేదు. పక్కన చిన్న మీట ఉంటుంది. పైకెత్తితే లోపలి పట్టు వదులై చిప్పు బరువులేనట్టు దిగుతుంది, కిందికి నొక్కితే కాళ్ళన్నిటినీ ఒక్కసారి పట్టేస్తుంది. దానికి యూఎస్‌బీ ఏఎస్‌పీ ప్రోగ్రామర్ తగిలిస్తే, కొత్త చిప్పుల్ని వరసపెట్టి బూట్‌లోడర్ ఎక్కించి పిల్లల చేతుల్లో పెట్టొచ్చు.

తీగలెన్ని కావాలి? ప్లస్సుకి రెండు, గ్రౌండ్‌కి రెండు, రీసెట్, మోసీ, మీసో, ఎస్‌సీకే. ఎనిమిది తీగలు. ఎనిమిది తీగలకి డేటాషీట్ కూడా చూడాలా అనుకున్నాను.

జీరో పీసీబీ మీద సాకెట్ గుచ్చి, బోర్డు తిరగేసి, పక్కన కాగితం మీద చిప్పు బొమ్మ పెట్టుకుని సోల్డరింగ్ మొదలెట్టాను. బొమ్మేమో పైనుంచి చూసింది. నేను చేస్తున్న పనేమో అడుగున. తిరగేస్తే ఎడమ కుడి అవుతుందని ఏటా సెకండియర్ పిల్లలకి చెప్పేవాణ్ణి నేనే. 28 కాళ్ళ చిప్పులో ఈ పొరపాటుకి ఒక చక్కటి లెక్క ఉంది. తగిలించాననుకున్న కాలి నంబరుని 29లోంచి తీసేస్తే, తీగ నిజంగా ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. రీసెట్ తీగ 1కి బదులు 28కి పోయింది. ఎస్‌సీకే 19కి బదులు 10కి పోయింది. ఇంతవరకైతే చిప్పు పలకదంతే, చావదు. అసలు ప్రమాదం 7 దగ్గరుంది. 7వ కాలికి అయిదు వోల్టులు వెళ్ళాలి. 29లోంచి 7 పోతే 22, అది గ్రౌండ్ కాలు. 22కి వెళ్ళాల్సిన గ్రౌండ్ తీగ సరిగ్గా 7కి వచ్చి కూర్చుంది. ప్లస్సూ మైనస్సూ ఇంత శుభ్రంగా తారుమారు చెయ్యమని ఎవరైనా అడిగినా చెయ్యలేం.

మీట దించి యూఎస్‌బీ పెట్టాను. పోర్టు కరెంటు ఎక్కువ లాగుతోందని కంప్యూటర్ మొత్తుకుంది. చిప్పు మీద వేలు పెడితే చురుక్కుమంది. బుద్ధున్నవాడు అక్కడ ఆగి మల్టీమీటర్ తీస్తాడు. నేను ఆ చిప్పు పాడుదని తీసేసి ఇంకోటి పెట్టాను. అదీ కాలింది. ఒకే షాపులో కొన్నవి కదా, లాటు మొత్తం చెడిందేమోనని పరీక్షించడానికి మూడోది కూడా పెట్టాను! ఆ మూడూ ఖాళీ స్వీట్ల డబ్బాలోకి వెళ్ళాయి. మూత మీద మార్కర్‌తో ‘డెడ్’ అని రాశాను. ఆ సాయంత్రం మల్టీమీటర్ బీప్ పెట్టుకుని ఒక్కో కాలూ చూస్తే గాని సంగతి అర్థం కాలేదు. ఎవరూ చూడకుండా తీగలన్నీ పీకి మళ్ళీ అతికించాను.

తర్వాత కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి కొత్త చిప్పులు తెచ్చాను. ఈసారి చిప్పు చల్లగా ఉంది. పలికింది కూడా. ఇక్కడ నాకు తెలిసిన ఒక సంగతి పనికొచ్చింది, అది చెప్పుకోకపోతే నాకు తృప్తి ఉండదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఏటీమెగా328పీ తన లోపలి 8 మెగాహెర్ట్జ్ గడియారాన్ని ఎనిమిదితో భాగించుకుని ఒక్క మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. ప్రోగ్రామర్ ఎస్‌సీకే తీగ మీద కొట్టే తాళం అందులో నాలుగో వంతు కంటే తక్కువుండాలి. యూఎస్‌బీ ఏఎస్‌పీ మామూలుగా 375 కిలోహెర్ట్జ్‌తో కొడుతుంది, కాబట్టి కొత్త చిప్పు దాన్ని అందుకోలేదు. ప్రోగ్రామర్ మీద జేపీ3 అనే జంపర్ పెడితే 8 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. అది పెట్టాను. ఇదొక్కటి తెలిసి ఉండటమే తర్వాత నా కొంప ముంచింది.

చిప్పు పలికింది గాని, ఏవీఆర్‌డ్యూడ్ అనే ప్రోగ్రామ్ ఎక్కించే సాఫ్ట్‌వేర్ సంతకం సరిపోలేదంది. ఏటీమెగా లాంటి ప్రతి ఏవీఆర్ చిప్పు లోపలా మూడు బైట్ల సంతకం ఉంటుంది. 328పీ అయితే 1ఈ-95-0ఎఫ్ రావాలి. నాకొచ్చింది 1ఈ-95-14. నకిలీ మాల్! మర్నాడే గల్లీకి వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఇంకో నలుగురున్నారు. అంతమంది ఎదుట చిప్పు బల్ల మీద కొట్టి, “డూప్లికేట్ అమ్ముతావా? పిల్లల ప్రాజెక్టులు ఇవి, తెలుసా!” అన్నాను.

షాపతను అరవలేదు. భూతద్దం తీసి నా చేతికిచ్చాడు. “సార్, చదవండి.”

“ఏటీమెగా 328 పీయూ. పీ ఉంది కదా!”

“అది డ్యాష్ తర్వాత సార్. డ్యాష్ తర్వాత పీ అంటే ప్లాస్టిక్ డిప్ ప్యాకేజీ. డ్యాష్‌కి ముందు పీ ఉంటేనే 328పీ. మీరు 328 అన్నరు, నేను 328 ఇచ్చిన. పీ కావాలంటే పీ అని అడగాలె గద.”

ఆ చిప్పు అసలుదే. 1ఈ-95-14 అనేది మామూలు 328 సంతకమే. ఏవీఆర్‌డ్యూడ్‌కి పేరు సరిగ్గా చెబితే అదే ప్రోగ్రామ్‌తో బ్రహ్మాండంగా నడిచేది. అతను మారు మాట్లాడకుండా పీ ఉన్నవి మార్చి ఇచ్చాడు. నేను క్షమించమని అనలేదు. “ముందే చెప్పాల్సింది” అని సణుక్కుంటూ వచ్చేశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందని అక్కడున్న నలుగురూ అనుకునే ఉంటారు.

ఇక అసలు కథ క్రిస్టల్‌ది. నేను చదువుకున్నది 8051 కాలంలో. ఏటీ89ఎస్52 అనే 40 కాళ్ళ చిప్పుకి బయట క్రిస్టల్ లేకపోతే ప్రాణమే లేదు. అందుకని అప్పట్లో ఏ బోర్డు చేసినా ముందు క్రిస్టల్ పెట్టేవాళ్ళం, అదొక అలవాటు. ఏవీఆర్ వచ్చాక లోపలే గడియారం ఉందని తెలిసి పెద్ద విద్య నేర్చుకున్నట్టు ఫీలయ్యాను. కొత్త చిప్పు ఒక మెగాహెర్ట్జ్‌తో తనంతట తనే నడుస్తోందని జంపర్ పెట్టి మరీ రుజువు చేసుకున్నాను కదా! ఇంకా క్రిస్టల్ దేనికి? రెండు కెపాసిటర్లు దండగ, చోటు దండగ.

బోర్డు చూసిన ఫైనలియర్ అమ్మాయి ఒకతి అడిగింది: “సార్, క్రిస్టల్ పెట్టలేదేంటి?”

“అక్కర్లేదమ్మా. ఏవీఆర్‌కి లోపలే ఉంటుంది. మీకు మైక్రోకంట్రోలర్స్ ఎవరు చెప్పారు?” అన్నాను. చెప్పింది మా డిపార్టుమెంటులో నాకు పడని మేడం అని నాకు తెలుసు. కావాలనే అడిగాను.

ఇప్పుడు ఆర్డువినో ఐడీఈ తెరిచి, బోర్డు ఊనో అని ఎంచుకుని, బూట్‌లోడర్ ఎక్కించమన్నాను. ఈ పని రెండు అంగల్లో జరుగుతుంది. మొదటి అంగలో ఫ్యూజులు రాస్తుంది, రెండో అంగలో బూట్‌లోడర్ ఎక్కిస్తుంది. ఫ్యూజులంటే కాలిపోయేవి కావు, చిప్పు స్వభావాన్ని నిర్ణయించే బిట్లు. ఫ్యాక్టరీలో లో ఫ్యూజు విలువ హెక్స్‌లో 62. అందులో చివరి నాలుగు బిట్లు 0010, లోపలి గడియారం వాడుకో అని అర్థం. ఊనోకి కావాల్సిన విలువ ఎఫ్ఎఫ్. చివరి నాలుగు బిట్లు 1111, అంటే బయటి క్రిస్టల్ కోసం చూడు. మొదటి అంగ చక్కగా అయిపోయింది. చిప్పు ఆ ఆజ్ఞ శిరసావహించి క్రిస్టల్ కోసం చూసింది. నా బోర్డు మీద క్రిస్టల్ లేదు. గడియారం లేని చిప్పు దేనికీ జవాబివ్వదు. రెండో అంగలో ఎర్రక్షరాలు.

అంటే ఆ చిప్పుని క్రిస్టల్ కోసం చూడమన్నదీ నేనే, క్రిస్టల్ పెట్టనిదీ నేనే. చిప్పు పోయిందని ‘డెడ్’ డబ్బాలో వేసింది కూడా నేనే. ఇంకోటి పెట్టాను. మొదటి అంగ సరే, రెండో అంగలో ఎర్రక్షరాలు, డబ్బా. అన్ని చిప్పులూ సరిగ్గా ఒకే చోట చస్తుంటే లోపం చిప్పులో ఉండదని ల్యాబులో అటెండర్‌కి కూడా తడుతుంది. నాకు గుజరాతీ గల్లీ మీద మళ్ళీ అనుమానం వచ్చింది.

డబ్బా నిండుతుండగా ఆ అమ్మాయే వచ్చి, “ఒకటి తీసుకోనా సార్?” అంది. “చచ్చినవాటితో ఏం చేస్తావమ్మా, తీసుకో” అన్నాను. ఆమె పక్క బెంచీ మీద ఊనో బోర్డులోంచి మంచి చిప్పు జాగ్రత్తగా తీసి, డబ్బాలో చిప్పు దాని స్థానంలో పెట్టింది. ఊనో బోర్డు మీద 16 మెగాహెర్ట్జ్ రెజొనేటర్ చిప్పు పక్కనే ఉంటుంది. బోర్డు మీది ఆరు పిన్నుల హెడర్‌కి నా ప్రోగ్రామర్‌నే తగిలించి సంతకం అడిగింది. 1ఈ-95-0ఎఫ్.

ఏవీఆర్ వంశానికి మూలపురుషులైన ఆల్ఫ్ ఎగిల్ బోగన్, వెగార్డ్ వోలన్ కూడా నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో విద్యార్థులుగా ఉన్నప్పుడే దాన్ని ఊహించారు. అట్మెల్ తర్వాత చేతికి తీసుకుంది, 2016లో అట్మెల్‌నే మైక్రోచిప్ కొనేసింది. విద్యార్థులు కట్టిన చిప్పుని విద్యార్థిని బతికించడంలో వింతేమీ లేదు. వింతంతా నేను చేసిన పనిలోనే ఉంది. తెర మీద ఆ అంకెలు చూసి, “ఆఁ, నేనూ అదే చూద్దామనుకుంటున్నా” అన్నాను. ఆమె నా వంక ఒక్క క్షణం చూసి, “అవును సార్” అంది.

అంతటితో ఆగితే బాగుండేది. వారం చివర హెచ్‌ఓడీ గారు చిప్పుల లెక్క అడిగినప్పుడు, చచ్చిపోయినవాటిని రికవర్ చేశానని చెప్పాను. ఎలా చేశారన్నారు. క్లాక్ ఇచ్చి, అన్నాను. శభాష్ అన్నారు. ఆ శభాష్ నేను జేబులో వేసుకున్నాను. తప్పుడు తీగలు అతికించడం ఎవరైనా చేస్తారు. షాపులో గొంతు చించుకోవడం కూడా క్షమించవచ్చు. పాసై వెళ్ళిపోయేవరకూ ఆ అమ్మాయి పేరు హెచ్‌ఓడీ గారి దగ్గర ఎత్తకపోవడం మాత్రం నీచం. వేరే మాట వాడటానికి నాకు మనసొప్పడం లేదు.

బోర్డు ఇప్పటికీ ల్యాబులో ఉంది. 9, 10 కాళ్ళ దగ్గర 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, దానికి అటూ ఇటూ 22 పైకోఫారడ్ కెపాసిటర్లు, 7వ కాలికీ 8వ కాలికీ మధ్య 0.1 మైక్రోఫారడ్‌ది ఒకటి, మీట పక్కన ఒకటో కాలు ఎక్కడో చెప్పే తెల్ల చుక్క. అడుగు భాగాన కాళ్ళ నంబర్లు తిరగేసి రాసిన కాగితం అతికించాను. డబ్బాలో మొదటి మూడూ నిజంగానే చచ్చాయి. అందులోనే ఉన్న టైనీ85 అనే చిన్న ఏవీఆర్ చిప్పు కూడా మామూలు పద్ధతిలో లేవలేదు. ఇంకో పిన్ను కలిసొస్తుందని దాని రీసెట్‌ని ఆపేసే ఫ్యూజునే ఆన్ చేశాను. ఫ్యూజుల్లో 0 అంటే ఆన్, 1 అంటే ఆఫ్ అని తెలిసీ ఆ పని చేశాను. దాన్ని లేపాలంటే ఒకటో కాలికి 12 వోల్టులివ్వాలి, ఆ ఏర్పాటు ఇంకా చెయ్యలేదు. మిగతావన్నీ బతికే ఉన్నాయి, వాటితోనే తర్వాతి బ్యాచ్ ప్రాజెక్టులు నడిచాయి.

ల్యాబుల్లో నాలాంటి ఉద్యోగాలు చేసే తోటివాళ్ళకి ఒక మనవి. మీ బీరువాలో కూడా ఇలాంటి డబ్బా ఉండే ఉంటుంది. స్క్రాప్‌కి వేసేముందు అందులోని 28 కాళ్ళ ఏటీమెగాలను ఒక్కొక్కటిగా ఊనో సాకెట్లో పెట్టి సంతకం అడగండి. పలికితే స్టాక్ రిజిస్టర్లో ‘డెడ్’ కొట్టేసి, పక్కన కారణం రాయండి. ఎవరు బతికించారో వాళ్ళ పేరు కూడా రాయండి.