ఆవిరి కథలు, అల్మారా స్టూడియో

పెట్రోలూ కరెంటూ పెత్తనం చెయ్యకుండా, లోకమంతా బొగ్గుతో, ఆవిరితో, ఇత్తడి పళ్లచక్రాలతోనే ముందుకు నడిచి ఉంటే? ఈ ఊహ మీద పుట్టిన కథల్ని స్టీమ్‌పంక్ అంటారు. 1987లో కె. డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత ‘లోకస్’ పత్రికకు ఉత్తరం రాస్తూ సగం వేళాకోళంగా పెట్టిన పేరిది.

వాటికి తెలుగులో పాడ్‌కాస్ట్ పెడతానని ఇంట్లో ప్రకటించాను.

“డబ్బులొస్తాయా?” అంది మా ఆవిడ.

“రావు.”

“పోతాయా?”

“మైకు వరకే.”

“అయితే పెట్టుకోండి” అంది. ఈ వయసు మగాళ్లకి వచ్చే మిగతా సరదాలతో పోలిస్తే చవకేనని ఆమె లెక్క.

మొదటి కథ హెచ్. జి. వెల్స్ 1903లో రాసిన ‘ది ల్యాండ్ ఐరన్‌క్లాడ్స్’. యుద్ధరంగంలోకి ట్యాంకులు దిగింది 1916లో. ఈయన అంతకుముందే కాగితం మీద ఇనుప రథాల్ని దింపేశాడు. పైగా 1946లోనే పోయాడు. మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్లకి కాపీరైటు తీరిపోతుంది కాబట్టి ఎవర్నీ అడగక్కర్లేదు. ఇ. ఎం. ఫార్‌స్టర్ ‘ది మెషీన్ స్టాప్స్’ కూడా చదువుదామనుకున్నాను. అది వచ్చింది 1909లోనే, కానీ ఆయన 1970 దాకా నిక్షేపంగా బతికాడు. అంటే 2031 వరకూ ఆగాలి. రచయితల దీర్ఘాయుష్షు మాబోటివాళ్లకి ఎంత నష్టమో!

బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి కనక అల్మారాలో, పట్టుచీరల మధ్య తల దూర్చి, కలరా ఉండల వాసన పీలుస్తూ చదవడం మొదలెట్టాను. ఫ్యాను ఆపాలి.

“ఒరేయ్, చీరలతో ఏం మాట్లాడుతున్నావురా?” అని బయట అమ్మ.

కథకి వెనకాల ఆవిరి చప్పుడు కావాలి. దానికి కుక్కర్ చాలు. నవ్వకండి. 1679లో డెనీ పాపెన్ అనే ఫ్రెంచాయన లండన్‌లో చూపించిన ఆవిరి పాత్ర నేటి కుక్కర్‌కి తాతే. పేలకుండా దానికి సేఫ్టీ వాల్వు పెట్టాడు. 1682లో రాయల్ సొసైటీ పెద్దలకి అందులో వండి విందు కూడా చేశాడు. ఆవిరితో పిస్టన్‌ని కదిలించొచ్చని 1690లో చెప్పిందీ ఆయనే. రైలింజను పుట్టిల్లు వెతుక్కుంటూ పోతే వంటింట్లో తేలతాం.

కానీ నేను కథ చదువుతుంటే ఆగకుండా కూసే మా కుక్కర్, మైకు పట్టుకుని ఎదురుగా నిలబడితే మాత్రం పక్కనుంచి బుస్సుమంటుంది తప్ప విజిల్ వెయ్యదు. గ్యాస్కెట్ మార్చాలట. ఆ వారమంతా ఇంట్లో మూడు పూటలా పప్పే.

అసలు శత్రువు వీధిలో ఉన్నాడు. వెల్స్ ఇనుప రథాలు కందకాల మీదికి పాక్కుంటూ వస్తున్నాయి, సైనికులు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు, నేను గొంతు తగ్గించాను. అప్పుడు కిటికీ కింద మైకులో: “పాత ఇనప సామాన్లు కొంటాం!” తర్వాత విన్నాను. సందర్భానికి అతికినట్టుంది. తియ్యలేదు.

ఈ కథల కులదైవం చార్లెస్ బాబేజ్‌దీ ఇదే బాధ. ఇత్తడి చక్రాలతో లెక్కలు చేసే యంత్రం ఆయన బతికుండగా పూర్తికాలేదు. 1991లో లండన్ సైన్స్ మ్యూజియం ఆయన గీసిన డిఫరెన్స్ ఇంజన్ రెండో నమూనాని కట్టి తిప్పితే లెక్క తప్పలేదు. బతికున్నన్నాళ్లూ ఆయన్ని వేపుకు తిన్నది మాత్రం వీధి వాద్యగాళ్లు. వాళ్లని కట్టడి చెయ్యాలని పోరాడితే 1864లో పార్లమెంటు చట్టమే చేసింది. కొందరైతే కావాలనే ఆయన ఇంటిముందు చేరి వాయించేవారు. అది చదివాక నేను ఇనప సామాన్ల బండి జోలికి పోలేదు.

మొదటి ఎపిసోడ్ ఆసాంతం విన్నది అమ్మ. తర్వాతి దానికి జూల్ వెర్న్ 1880లో రాసిన ‘ది స్టీమ్ హౌస్’లోంచి ఒక ఘట్టం తీసుకున్నానని చెప్పాను. నవలే, అయినా మన దేశంలో జరిగే కథ. ఆవిరి ఏనుగు రెండు ఇళ్లని లాక్కుంటూ కలకత్తా నుంచి ఉత్తరాదికి వెళుతుంది.

“దాంట్లో బొగ్గెవరు వేస్తార్రా?”

“మనిషి ఉన్నాడమ్మా.”

“మరి వాళ్లందరికీ వంట?”

“వంటవాడూ ఉన్నాడు.”

“అయితే అది చదువు. ఆ ట్యాంకుల కథలో, అంత యుద్ధం గెలిచిన పిల్లలకి చివర్లో కాఫీ, బిస్కెట్లేనా పెట్టేది?”