ఊర్మిళ లేని లక్ష్మణులు

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమునందు ఒక బీమా సంస్థ కలదు. దాని కార్యాలయమునుగాని, దాని యజమానులనుగాని, అది యెవరికి బీమా చేయుచున్నదో వారినిగాని నేనెన్నడును చూచి యెరుగను. ఐనను ఆ సంస్థవారి కంప్యూటర్లు రేయింబవళ్ళు సవ్యముగా నడచుచున్నవో లేదో కనిపెట్టియుండుటయు, వారు వ్రాసిన ప్రోగ్రాములను సర్వర్లపైకి ఎక్కించుటయు, ఎక్కించినవి కూలినప్పుడు మరల లేవనెత్తుటయు, హైదరాబాదు నిజాంపేటలో మూడవ అంతస్తున మా పడకగది మూలనున్న బల్లకడ కూర్చుండి నేను చేయుచున్న వృత్తి. దీనిని డెవాప్స్ అందురు. పెండ్లిళ్ళలో బంధువులడిగినచో "సాఫ్ట్‌వేర్" అని చెప్పి ఊరకుందును. అంతకుమించి వివరింపబోయినపుడెల్ల వినువారి చూపు వడ్డనవైపు మరలుట నేను గమనించితిని.

మా నాన్నగారు మాత్రము సాంతము విన్నారు. ఆయన విద్యుచ్ఛక్తి శాఖలో సబ్‌స్టేషను ఆపరేటరుగా చేసి విరమించినవారగుటచేత, రాత్రి డ్యూటీ యననేమో, తెల్లవారుజామున ఫోను మ్రోగుట యననేమో ఆయనకు ఒకరు బోధింపనక్కరలేదు. అంతయు విని, కళ్ళద్దములు తీసి తుడుచుకొని, ఆయన అడిగిన ప్రశ్న యొక్కటే: "ఒరేయ్, మా రోజుల్లో ఫీజు పోతే మా ఊరి ఫీజే పోయేది. లేచి వేస్తే మన వీధిలోనే దీపం వెలిగేది. ఎక్కడో ఎవరింట్లోనో ఫీజు పోతే నువ్వెందుకురా లేవడం?" ఈ ప్రశ్నకు అర్థశాస్త్రమున సమాధానము కలదు. అది నాకును తెలియును. కాని రాత్రి మూడు గంటలవేళ ఆ శాస్త్రము జ్ఞప్తికి రాదు.

ఈ వ్యవహారము నిన్నమొన్నటిది కాదు. 1974లో టి.సి.ఎస్.వారు బరోస్ అను అమెరికా కంపెనీ పనిని చేపట్టినారు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వారు బెంగుళూరున కార్యాలయము తెరచి, ఉపగ్రహముద్వారా స్వదేశముతో సంధానము కల్పించుకొన్నారు. పని ఓడ యెక్కకయే సముద్రము దాట నేర్చినది. ఐనను తెలుగువాని అదృష్టరేఖ స్ఫుటముగా కానవచ్చినది శతాబ్దాంతముననే. 1960 ప్రాంతముల అమెరికాలో ప్రోగ్రాములు వ్రాసిన పెద్దలు, ఎనుబది గడులు మాత్రమే గల కార్డుపై సమస్తమును ఇరికింపవలసివచ్చి, సంవత్సరమునకు నాలుగంకెలు వ్రాయుట దుబారాయని తలంచి రెంటితో సరిపెట్టిరి. 2000 సంవత్సరము ప్రవేశించినంతనే తమ యంత్రములు దానిని 1900గా భ్రమింపగలవను చింత వారిని బాధించినట్లు లేదు, ఏలయన అప్పటికి తాము పింఛను పుచ్చుకొనుచుందుమని వారెరుగుదురు. ఆ పొదుపును సరిదిద్దుటకు వేలకొలది జనము కావలసివచ్చెను. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల మేడమెట్లన్నియు ఆ పాత ప్రోగ్రాముల భాషయగు కోబాల్ నేర్చుకొనువారితో నిండినవి. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించినారు. సముద్రమున కావలియొడ్డున ఎవరో మిగిల్చిన రెండంకెలతో ఈవలియొడ్డున కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్లు లేచినవి. పిసినారితనమువలన ఇంతటి లోకోపకారము జరిగిన ఉదాహరణము మరియొకటి నాకు కానరాదు.

ఆనాటి పని ఒకమారు చేసి ముగించునట్టిది. నా పని ముగియునది కాదు. పూర్వము ప్రోగ్రాములు వ్రాయువారొక గదిలోను, యంత్రములు నడుపువారొక గదిలోను ఉండి, "మా దగ్గర బాగానే నడిచిందే" అని వారును, "మీరిచ్చిందే చెడ్డది" అని వీరును నడిమి గోడమీదుగా నిందలు విసరుకొనుచు కాలక్షేపము చేయుచుండిరి. ఆ గోడను పడగొట్టవలెనను సదుద్దేశముతో 2009లో పాట్రిక్ డెబోయిస్ అను బెల్జియము దేశస్థుడు ఘెంట్ నగరమున నొక సభ జరిపించి, ఇరుతెగలవారును ఒకే బల్లకడ కూర్చుండి ఒకే కుటుంబముగా మెలగవలెనని ప్రచారము చేసెను. డెవాప్స్ అను పేరు ఆ సభతోనే వ్యాప్తిలోనికి వచ్చినది. లోకము హర్షించినది. గోడను పడగొట్టిరి. పడగొట్టినచోటు ఖాళీగానుండుట చూచి, మా క్లయింటు సంస్థ ఆర్థికాధికారి అచ్చట అట్లాంటిక్ మహాసముద్రమును పెట్టించెను.

దీని ఫలమేమగునో మెల్విన్ కాన్వే అనునాయన 1968లోనే సూత్రీకరించియున్నాడు. ఏ సంస్థ నిర్మించిన వ్యవస్థయైనను ఆ సంస్థలోని మనుష్యులు ఒకరితోనొకరు మాటలాడుకొను తీరునకు ప్రతిబింబమై తీరునట. మా ప్రోగ్రామును విప్పి చూచినవారికి ఈ సూత్రము ప్రత్యక్షమగును: సగము న్యూజెర్సీలో వ్రాసినది, సగము హైదరాబాదులో వ్రాసినది, మొదటి సగము అడిగినదానికి రెండవ సగము మరునాటి ఉదయమున బదులు చెప్పును.

న్యూజెర్సీకిని మనకును వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలమున పదిన్నర గంటలు వ్యత్యాసము. ఇందు అరగంట మనది. మన దేశకాలమును నిర్ణయించు ఎనుబదిరెండున్నర డిగ్రీల రేఖ మా మేనమామగారి ఊరగు కాకినాడ సమీపముగా పోవుచున్నందున, ఆ అరగంట విషయమై అమెరికావారు విసుగుకొన్నపుడెల్ల నాలో స్వజనాభిమానము పొంగును. మారెడి గంట మాత్రము వారిది. మార్చిలో రెండవ ఆదివారమున గడియారములను ఒక గంట ముందుకును, నవంబరు మొదటి ఆదివారమున వెనుకకును త్రిప్పుట వారి ఆచారము. అట్లు వెనుకకు త్రిప్పిన మరునాటినుండి సాయంకాలము ఏడింటి మీటింగు ఎనిమిదింటికి జరుగును. "వాళ్ళ గడియారం వాళ్ళు తిప్పుకుంటే మన కుక్కరెందుకండీ ఆలస్యం?" అని మా యావిడ ఏటేట అడుగుచునే యున్నది. ఇంతకును ఆ మీటింగునందు జరుగునదేమి? "నా మాట వినబడుచున్నదా" యను ప్రశ్నను ఇరుపక్షములవారును కొంతసేపు పఠింతురు. వినబడుచున్నదని రూఢియైన పిమ్మట చెప్పుకొనదగిన విషయము సామాన్యముగా మిగులదు.

మా సంస్థ ఈ కాంట్రాక్టును సంపాదించిన నాడు క్లయింటుకు చెప్పిన మాట మిక్కిలి సొంపైనది: "మీకు రాత్రియైనపుడు మాకు పగలు, మీరు నిద్రించుచుండగా మేము పనిచేయుదుము, సూర్యుడస్తమింపని సేవ." వినుటకు ఇంపుగనే యున్నది గాని, యంత్రముల స్వభావమెరిగిన వారెవరును ఇట్లనరు. కంప్యూటరు చెడునది దానిని జనము వాడుచున్నపుడు. జనము వాడునది వారి పగటివేళ. వారి పగలు మన రాత్రి. అందుచేత మా పగటివేళ నేను ఆరోగ్యవంతములగు సర్వర్లకు కావలికాచుచు కాఫీ త్రాగుదును. అవి రాత్రి భోజనమైన పిమ్మట జబ్బుపడ నారంభించును. వారు కొన్నది మన పగలు, వాడుకొనుచున్నది మన రాత్రి. రసీదులో ఈ భేదము కానరాదు.

మన ఆడువారు పాడుకొను 'ఊర్మిళాదేవి నిద్ర' పాట వినని తెలుగిండ్లు ఒకప్పుడు అరుదు. అన్నకు కావలిగా అడవికి పోవు లక్ష్మణుడు తన నిద్రను భార్యకు ఒప్పగించిపోగా, ఆయన పదునాలుగేండ్లు కన్నుమూయకుండెననియు, అయోధ్యలో ఊర్మిళ ఆయన వాటాయు కలుపుకొని నిద్రించెననియు కదా కథ. ఒకచోటి పనిని దూరమున నున్న జట్టునకు ఒప్పగింపగా అది గడువులోపల, అదనపు ఖర్చు లేకుండ నెరవేరిన ఉదంతము నాకు తెలిసినంతలో ఇదియొక్కటే. ఆ ఒప్పందములోని న్యాయమును గమనింపుడు: మేల్కొనినవాని నిద్ర దుర్వినియోగము కాలేదు, ఇంటిలోనే యుండినది. నా నిద్ర యెవరికి చెందుచున్నదో కాంట్రాక్టులో నెచ్చటను వ్రాయలేదు. న్యూజెర్సీవాడు నిద్రించుటలేదు, అతనికది సాయంకాలము. నా ఫోను మ్రోగినంతనే మా యావిడయు ఉలికిపడి లేచును. ఊర్మిళయే లేచి కూర్చున్నచో ఇక లక్ష్మణుడు మేల్కొని యేమి లాభము?

పని నితరుల కప్పగించు విద్యలో నిజమైన ప్రతిభాశాలి యొకడు కలడు. వెరైజన్ సంస్థ భద్రతా పరిశోధకులు 2013లో వెల్లడించిన కథనములో, 'బాబ్' అని వారు మారుపేరిడిన అమెరికా ప్రోగ్రామరు, తన ఉద్యోగమును చైనాలోని షెన్‌యాంగ్ నగరమున నొక సంస్థకు రహస్యముగా ఒప్పగించి, తన జీతములో అయిదవవంతుకన్న తక్కువ వారికి చెల్లించి, కంపెనీ నెట్‌వర్కులోనికి ప్రవేశించుటకు వలసిన పరికరమును కొరియరులో వారికి పంపివైచి, తాను ఆఫీసులో పిల్లుల వీడియోలు చూచుచు కూర్చుండెనట. సాయంకాలము నాలుగున్నరకు ఆనాటి పని నివేదికను యజమానులకు పంపి, అయిదింటికి ఇంటికి పోయెడివాడట. ఆ భవనమునందెల్ల ఉత్తమ ప్రోగ్రామరను కీర్తియు ఆయనకే దక్కెనట. సంగతి బయటపడి ఉద్యోగము పోయినది. అదే పని సంస్థ చేసినచో వ్యూహమని మెచ్చుకొని వాటాదారులు చప్పట్లు కొట్టుదురు. బాబ్ అపరాధమెల్ల అతడు సంస్థ కాకపోవుటయే.

మా సంస్థ మాత్రము సంస్థయే గనుక, నిర్భయముగా, డిస్కుల పర్యవేక్షణను మరియొక చౌక సంస్థకు ఒప్పగించినది. దాని ఫలితమును నేను గడచిన వేసవిలో ఒక శుక్రవారము రాత్రి మెట్లపై చూచితిని. న్యూజెర్సీలో సాయంకాలము అయిదింటికి, ఇంటికి పోవు తొందరలో, కొత్త ప్రోగ్రామును ఎక్కించిరి, మనకు రెండున్నర. మూడింటికి లాగు ఫైళ్ళు పెరిగి డిస్కు నిండినది. చెరపుటకు నాకధికారము లేదు. అత్యవసరమని టికెట్టు పెట్టితిని. అంతలో మా వీధి కరెంటు పోయినది. సిగ్నలుకొరకు ఫోను పట్టుకొని మెట్లమీదికి రాగా, రెండవ అంతస్తు అబ్బాయి లుంగీతో, ఒడిలో లాప్‌టాప్‌తో, క్రిందిమెట్టుపై కూర్చుండియుండెను.

"ఏం అంకుల్, నిద్ర పట్టలేదా?"

"ఆఫీసు పని బాబూ. నీకో?"

"నాకూ అంతే అంకుల్. ఎవడో న్యూజెర్సీ వాడు డిస్కు నిండిందని అర్జెంటు టికెట్టు పెట్టి చంపుతున్నాడు."

"ఆ న్యూజెర్సీ వాణ్ణి నేనే."

ఒక్క ఆజ్ఞతో పోవు పని. కాని పై అనుమతి లేనిదే ఆ బాలుడు ఫైలు ముట్టరాదు. అతని విన్నపము పూణేలో అతని అధికారికి పోయి, అచ్చటినుండి న్యూజెర్సీలో కొడుకు బేస్‌బాల్ ఆట చూచుచున్న మేనేజరుకు పోయి, ఆయన "హైదరాబాదు జట్టు నిర్ణయించును" అని వ్రాయగా మా పైవారికి వచ్చి, తుదకు అయిదు గంటలవేళ, రెండు మెట్ల పైన కూర్చున్న నా ఫోనులో దిగినది. నేను నొక్కితిని, అతడు చెరపెను. చీకటిలో అలికిడి విని మా నాన్నగారు టార్చిలైటుతో వచ్చి, "ఏమైందిరా?" అనిరి. "ఫీజు పోయింది నాన్నగారూ." "మనదా, వాళ్ళదా?" "ఈసారి రెండూ." భూగోళమున వివిధ ప్రాంతముల జట్లు అద్భుతముగా సమన్వయించుకొన్నవని సోమవారము అభినందన మెయిలు వచ్చినది.

కావున న్యూజెర్సీ మిత్రులకు నా విన్నపమొక్కటే. పనిని పంపుడు, వద్దనను. దానితోనే మా ఇంటి వాయిదాలు తీరుచున్నవి. శుక్రవారము సాయంకాలము మాత్రము ఏ ప్రోగ్రామును ఎక్కింపకుడు. మంగళవారము ఉదయము పదింటికి ఎక్కించితిరేని మాకు వేసవిలో రాత్రి ఏడున్నరయగును. ఏది కూలినను భోజనమునకు ముందే లేవనెత్తగలము. మంగళవారము కొత్త పనికి మంచిది కాదని మా అత్తగారందురు గాని, ఆమెను నేను ఒప్పించుకొందును.